ఇద్దరు రామారావులు

పిల్లలూ! మా ఇంట్లో 2000లో కొన్న కంప్యూటరు ఒకటి ఉన్నది. మా మనుమడి నాయనమ్మ పాడిన పాటల సీడీ కూడా ఉన్నది. వాడు పుట్టకముందే ఆవిడ పోయింది. ఆ సీడీకి నకలు తీయాలని, పాత డ్రైవు పక్కన సీడీలు రాసే డ్రైవు మరొకటి బిగించాను. తీరా చూస్తే కంప్యూటరుకు రెండూ కనిపించలేదు! "నువ్వే ఏదో కదిపావు" అని మనుమణ్ణి కసిరాను. వాడు చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు.

కరెంటు తీసి, మూత విప్పి చూశాను. ఆ కాలపు యంత్రాల్లో పట్టీలాంటి వెడల్పాటి కేబులు ఒక్కటే రెండు డ్రైవులకూ పోతుంది. అందుచేత ఒకటి మాస్టరు, రెండవది స్లేవు అని గుర్తు పెట్టాలి. డ్రైవు వెనుక చిన్న సూదుల జతలుంటాయి. వాటిలో తగిన జతకు జంపరనే చిన్న తొడుగు పెట్టటమే ఆ గుర్తు. నేను రెండింటినీ మాస్టర్లుగానే ఉంచాను!

ఒకప్పుడు నా తరగతిలో ఇద్దరు రామారావులుండేవారు. హాజరు పిలిస్తే ఇద్దరూ ఒక్కసారే పలికేవారు. ఇంటిపేరుతో పిలిచాక గాని గొడవ తీరలేదు. డ్రైవుల తగువూ అలాంటిదే.

కొత్తదాని జంపరును స్లేవు జతకు మార్చాను. రెండూ కనిపించాయి. 2003లో వచ్చిన సాటా పద్ధతిలో డ్రైవుకొక కేబులు. అక్కడ ఈ తగువే లేదు.

మనుమణ్ణి పిలిచి, "తప్పు నాదేరా" అన్నాను. వాడు నవ్వి పక్కన కూర్చున్నాడు. నాయనమ్మ గొంతు మొదటిసారి విన్నాడు.

యంత్రం మొరాయిస్తే ఎవరినీ అనకండి, పిల్లలూ. చివరిగా మీరు చేసిన పనేమిటో ముందు చూసుకోండి.