కితాబీ కీడా

మా పెద్దమ్మాయి పార్టీలకు పోదు. ఫ్రెషర్స్ డే, ఫేర్‌వెల్, స్నేహితురాళ్ళ బర్త్‌డేలు... దేనికీ పోదు. చేతిలో పుస్తకం ఉంటే ముందున్న అన్నం చల్లారిపోయినా పట్టదు. ఇంటర్ అయిపోయింది. బి.ఎ.లో చరిత్ర చదువుతానంటోంది.

ఆఫీసులో ఒకాయన జాలిగా అంటాడు: 'మీవాళ్ళలో ఆడపిల్లల్ని పంపరు కదా!' ఇంటికొస్తే వాళ్ళ ఖాలా మెటికలు విరుస్తుంది: 'మాషా అల్లా, కిత్తీ షరీఫ్ బచ్చీ!' పిల్ల ఊరికే కూచుని చదువుకుంటుంటే ఆయనకు మా జులుం కనిపిస్తుంది, ఈమెకు మా ఖాందాన్ ఇజ్జత్ కనిపిస్తుంది. పిల్ల మాత్రం ఇద్దరికీ కనిపించదు. అదే క్లాసులో ఇంకో మూల కూచుని చదువుకునే లక్ష్మినో సునీతనో 'బాగా చదివే పిల్ల' అంటారు. మా పిల్ల దగ్గరికొచ్చేసరికి 'ముస్లిం పిల్ల' అంటారు. ఆమె స్వభావాన్ని కూడా మజహబ్ ఖాతాలో రాసేస్తారు.

డిగ్రీ సీట్ల కోసం తెలంగాణలో 2016 నుంచి 'దోస్త్' ఉంది. ఇంటర్ మార్కులు, రిజర్వేషన్, మనం రాసిన కాలేజీల వరస చూసి సీటిస్తారు. కింద ఎన్ని రాసినా పైదాని అవకాశం తగ్గదు. నాలుగే రాసి ఆ నాలుగూ దక్కకపోతే మాత్రం ఆ విడతలో సీటే రాదు. అందుకే అసలు ఆలోచించాల్సింది పై కాలేజీ గురించి కాదు, కింది వాటి గురించి. రేపు అదొక్కటే దక్కితే పిల్ల ఏడవకుండా మూడేళ్ళు పోగలదా?

పైన కోఠి రాశాం. 1924లో పుట్టిన ఆ మహిళా కాలేజీ 2022లో విశ్వవిద్యాలయమైంది. తర్వాత 1887 నాటి నిజాం కాలేజీ. ఆ కింద హుస్సేనీ ఆలం ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ. పాతబస్తీ కాలేజీ అనగానే బంధువులే ముఖం చిట్లించారు. మా పిల్ల అడిగింది ఒకటే: 'అబ్బా, లైబ్రరీ కిత్తే బజే తక్ ఖుల్లీ రహతీ?' లైబ్రరీ ఎన్నింటి దాకా తెరిచుంటుందని! ఏ కాలేజీకైనా అడగాల్సిన ప్రశ్న అదే. క్లాసులు జరుగుతాయా, పంతుళ్ళున్నారా, సాయంత్రం బస్సు దొరుకుతుందా? కాలేజీ మారినా ఫరవాలేదు, చదవాలనుకున్న సబ్జెక్టు మారకూడదు.

మా ఇళ్ళలో ఇంకొన్ని ప్రశ్నలుంటాయి. మేం షేక్‌లం, 2007 చట్టంతో వచ్చిన బిసి-ఇ 4 శాతం మాకు వర్తిస్తుంది. పక్కింటి సయ్యద్ పిల్లకు వర్తించదు. ఆ పిల్ల జాబితా ఇంకా పొడుగ్గా ఉండాలి. 2022 మార్చిలో క్లాసుల్లో హిజాబ్ వద్దన్న ప్రభుత్వ ఉత్తర్వును కర్ణాటక హైకోర్టు సమర్థించింది. అక్టోబర్‌లో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. మన రాష్ట్రం కాదు కదా అని ఊరుకోలేం. ఇప్పుడు కాలేజీ చూడ్డానికి పోతే ముందు గేటు దగ్గరే నిలబడతాం. తలమీద దుపట్టా ఉన్న పిల్లలు మామూలుగా లోపలికి పోతున్నారా అని చూస్తాం. మిగతా తల్లిదండ్రులు నేరుగా ఆఫీసు గదికి పోతారు.

నేను ఉర్దూలోనూ తెలుగులోనూ వార్తలు రాసి బతికేవాణ్ణి. ఈ రెండు భాషలూ కలిసే చోట్లు వెతుక్కోవడం నాకు అలవాటు. ఇలాంటి పిల్లల్ని తెలుగులో 'పుస్తకాల పురుగు' అంటారు. ఉర్దూలో 'కితాబీ కీడా' అంటారు. రెండూ ఒకటే మాట. ఆ పురుక్కి మజహబ్ లేదు. మా పిల్లను ఎవరైనా ఏదో ఒక పేరుతో పిలవాలనుకుంటే ముందు ఆ పేరుతో పిలవండి. మిగతా పేర్లు ఆమె తనకు నచ్చినప్పుడు తనే చెబుతుంది.