అగ్నిపర్వతం చూస్తారా? ముందు గది చూసుకోండి!

తెరమీద హీరో సముద్రంలో దూకితే ఈలలేసే మెదక్ మిత్రులారా! ఈసారి మనమే దూకుదామా? పదండి అండమాన్‌కి!

మన దేశంలో నిప్పులు కక్కే అగ్నిపర్వతం ఒక్కటే - బ్యారెన్ దీవి. 1991లో మళ్ళీ నిద్రలేచింది. అక్కడ నరమానవుడుండడు, ఇక హోటలెక్కడిది? పడవలోంచి చూసి రావాల్సిందే.

గది మాత్రం స్వరాజ్ ద్వీపంలో తీసుకోండి. 2018 దాకా హేవ్‌లాక్ అన్నది దీన్నే. హైదరాబాద్‌లో విమానమెక్కి పోర్ట్‌బ్లెయిర్ (2024 నుంచి శ్రీవిజయపురం), అక్కణ్ణించి ఓడ.

ఈత రాదా? ఫర్వాలేదు. స్కూబా నేర్పే ఆయన దగ్గరుండి 12 మీటర్ల లోతులోపే తిప్పుతాడు. ఉబ్బసం, గుండెజబ్బు ఉంటే దాచకండి.

అసలు సంగతి: డైవింగ్ ఆఖరి రోజుకి పెట్టుకోవద్దు! నీటి ఒత్తిడికి ఒంట్లో కరిగిన నైట్రోజన్, వెంటనే విమానమెక్కితే బుడగలై ప్రాణం మీదికి తెస్తుంది. కనీసం 18 గంటలు ఆగండి. హీరోకైతే రీటేకుంది, మనకేదీ?