నాన్నగారి అంబాసిడరు - మా సంరక్షణ

యంత్రం ఆయుర్దాయాన్ని నిర్ణయించేది దానిని తయారు చేసినవారు మాత్రమే కాదు, వాడేవారి శ్రద్ధ కూడా. ఉద్యోగరీత్యా మూడు దశాబ్దాలుగా పంపులకూ కంప్రెసర్లకూ అన్వయిస్తూ వచ్చిన ఈ సూత్రం 2022లో మా ఇంటి గుమ్మంలోకే వచ్చి నిలిచింది. ఆ సంవత్సరం మా నాన్నగారు స్వర్గస్థులయ్యారు. ఏలూరులో న్యాయవాదిగా ఉండగా 1974లో వారు కొన్న అంబాసిడరు మార్క్ 2 కారు బాధ్యత మాకు సంక్రమించింది. అమ్మగారితో పాటు దానినీ విశాఖపట్నం తెచ్చుకున్నాము. ఇటువంటి వారసత్వం పొందిన, పొందబోయే సహోద్యోగులకు ఉపకరించగలదన్న ఆశతో మా అనుభవాన్ని మనవి చేస్తున్నాము.

ఈ తరం పాఠకుల కోసం ఆ కారును గురించి రెండు మాటలు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు ఆధారంగా హిందూస్థాన్ మోటార్స్ వారు కలకత్తా సమీపాన ఉత్తరపారాలో దీనిని తయారు చేశారు. 1950ల చివర మొదలైన ఉత్పత్తి 2014లో నిలిచిపోయింది. మా కారు ఇంజను 1489 ఘన సెంటీమీటర్లది. సిలిండరు వ్యాసం 73 మిల్లీమీటర్లు, పిస్టను నడక దాదాపు 89 మిల్లీమీటర్లు. నడక పొడవైనది కనుక వేగం కోసం తొందరపడదు. తక్కువ వేగంలో నిండు బరువును నింపాదిగా లాగుతుంది. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉంటుంది. ముందు చక్రాలకు టార్షన్ బార్లు, వెనుక చక్రాలకు కమాను కట్టలు.

మొదట తీర్చవలసినవి కాగితాలు. యజమాని మరణించినప్పుడు వారసులు ముప్పై రోజులలోగా రవాణా అధికారికి తెలియజేసి, మూడు నెలలలోగా ఫారం 31 ద్వారా పేరు మార్పిడి కోరాలి. దుఃఖంలో ఉన్న ఇంట ఈ గడువులు ఇట్టే దాటిపోతాయి. పదిహేనేళ్ళు నిండిన సొంత కారుకు అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరణ తప్పదన్నది కూడా గుర్తుంచుకోవలసిన విషయమే.

కారును ఏమి చేయాలన్న ప్రశ్నపై ఇంట భిన్నాభిప్రాయాలు వచ్చాయి. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు దీనిని ‘హాట్ రాడ్’గా మార్చుదామన్నాడు. 1930, 40 దశకాలలో కాలిఫోర్నియా యువకులు పాత ఫోర్డు కార్ల మడ్‌గార్డులు విప్పి, బరువు తగ్గించి, బలమైన ఇంజన్లు బిగించి ఎండిన సరస్సుల మైదానాలలో పందేలు నడిపేవారు. ఆ ముచ్చట నుండి పుట్టినదే ఆ పేరు. అదొక ఘనమైన చేతిపని సంప్రదాయమే, కాదనము. అయితే మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు నిర్దేశాలకు భిన్నమైన మార్పులను అనుమతించదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది.

రెండవ మార్గం పురాతన వాహనంగా నమోదు. మూల రూపం చెడకుండా యాభై ఏళ్ళు దాటిన వాహనాలకు 2021 నిబంధనలు ఈ అవకాశం కల్పించాయి. 2024లో మా కారుకూ ఆ అర్హత వచ్చింది. అయితే అలా నమోదైన వాహనం ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప నిత్య వినియోగానికి రోడ్డెక్కరాదు.

ఈ చర్చ విని అమ్మగారు ఒక్క మాటతో తీర్పు చెప్పారు: “మీ నాన్నగారు దీన్ని ఊరేగింపుకు కొనలేదురా, తిరగడానికి కొన్నారు. నెలకోసారి నన్ను సింహాచలం కొండకు తీసుకెళ్ళగలిగితే ఉంచు. లేదంటే అమ్మేయి.”

ఆ మాటతో మా పని స్వరూపం తేలిపోయింది. కొండ ఎక్కడం ఈ ఇంజనుకు కష్టం కాదు. డెబ్బై ఎనిమిదేళ్ళ తల్లిని కూర్చోబెట్టుకుని దిగడమే అసలు పరీక్ష. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. వాటన్నిటికీ నూనె సరఫరా ఒకే మార్గం. ఒక్క గొట్టం పగిలితే నాలుగూ ఒకేసారి చేతులెత్తేస్తాయి. అందుచేత రంగు, సీట్లు, మెరుగుల మాట పక్కనపెట్టి మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు, గొట్టాలు, లైనింగులు, చేతి బ్రేకు తీగ అన్నీ కొత్తవి వేయించాము. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దాని మరుగు స్థానం తగ్గుతుంది. కనుక రెండేళ్ళకొకసారి మార్చడం నియమంగా పెట్టుకున్నాము. దిగేటప్పుడు రెండవ గేరు వదలము.

తరువాతి సమస్య ఇంధనం. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలే లభిస్తున్నది. పాత ఇంజన్లలో వాల్వు కూర్చునే అంచులను అరగకుండా కాపాడినది ఆ సీసమే. అందువలన సిలిండరు హెడ్డు విప్పినప్పుడు గట్టి ఉక్కు సీట్లు దిగగొట్టించాము. పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతానికి చేరడంతో పాత రబ్బరు ఉబ్బుతుంది, మిశ్రమం పలచబడుతుంది. ఇథనాలును తట్టుకునే గొట్టాలు, పంపు డయాఫ్రం అమర్చి, కార్బొరేటరును సవరించాము. ఇక సముద్రపు గాలి. ఈ కారుకు విడి ఛాసీ లేదు, బాడీయే ఆధారం. తలుపుల కింది రేకు పెట్టెలు తుప్పుపడితే కారు నడుము విరిగినట్లే. టింకరింగు మేస్త్రీ సుత్తి మొనతో తట్టి, శబ్దం మారిన ప్రతి చోటా కోసి కొత్త రేకు అతికాడు.

ఈ పనులన్నింటికీ మాకు మార్గదర్శి నాన్నగారి పుస్తకం. న్యాయశాస్త్రం తప్ప యంత్రశాస్త్రం చదవని వారు, కొన్ననాటి నుండీ పెట్రోలు, ఇంజనాయిలు, గ్రీజు లెక్కలు తేదీలతో రాసి ఉంచారు. లీటరుకు పది కిలోమీటర్లు వచ్చేది ఎనిమిదికి తగ్గిన ప్రతిసారీ ఆ వరుస కింద ఎర్ర సిరా గీత, మరుసటి వారం ఏదో ఒక మరమ్మతు నమోదు కనిపిస్తాయి. ఒకసారి ప్లగ్గులు, ఒకసారి పట్టేసిన బ్రేకు. చప్పుడు వినిపించక ముందే అంకెలలో జబ్బును పసిగట్టడం మన కర్మాగారాలలో పెద్ద పెద్ద పేర్లతో జరిగే పనే. వారు రూళ్ళ పుస్తకంతో చేశారు. చివరి పేజీలలో చేతిరాత వణికింది గాని, లెక్క తప్పలేదు.

ఖాళీగా మిగిలిన పేజీలలోనే మేము కొనసాగిస్తున్నాము. కారును చూసి ముచ్చటపడి ఫొటోలు తీసుకునేవారు దారి పొడవునా ఎదురవుతారు. దూరపు కొండలు నునుపు. మాసిన చేతులు, ఆదివారాల త్యాగం, దొరకని వాషరు కోసం మూడు దుకాణాల తిరుగుడు వారికి కనిపించవు. అయినా ఈ శ్రమ వృథా అనిపించలేదు. నాన్నగారు ఏ పనిని ఎంత ఓపికగా చేశారో, అదే పని చేస్తూ తెలుసుకునే అవకాశం ఆస్తి పంపకాలలో మరెవరికీ రాలేదు.

పాత వాహనం చేతికి వచ్చిన మిత్రులకు మా మనవి ఇది. మొదట అది ఎవరి కోసం నడవాలో నిశ్చయించుకోండి. బ్రేకులు, చక్రాలు, స్టీరింగు, ఇంధన గొట్టాలకు మొదటి రూపాయి ఖర్చు పెట్టండి. రంగుకు చివరి రూపాయి. చేసిన ప్రతి పనినీ తేదీతో రాయండి. మీ తరువాత తాళంచెవి అందుకునేవారికి ఆ రాతే అన్నింటికన్నా విలువైన విడిభాగం.