వాడెప్పుడొస్తడు బిడ్డా?

ఎల్బీనగర్‌లో 277 బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే ఇప్పటికీ సెమిస్టర్ పరీక్షకు పోతున్నట్టే ఉంటుంది నాకు. 2015 నుంచి 2019 దాకా నాలుగేళ్లు ఇదే సాగర్ రోడ్డు. బి.ఎన్.రెడ్డి నగర్, ఇంజాపూర్, తుర్కయంజాల్, బొంగుళూరు గేటు, మంగళ్‌పల్లి గేటు, శేరిగూడ, ఆఖరికి ఇబ్రహీంపట్నం. ఇటు పక్క ఒక ఇంజినీరింగ్ కాలేజీ, అటు పక్క ఇంకోటి. పొద్దున ఎనిమిదింటికి పసుపు రంగు కాలేజీ బస్సులు వరస కడితే, మధ్యలో ఆర్టీసీ బస్సు దొంగలా దూరి పోవాల్సిందే.

మొన్న దసరా అయ్యాక ఒక ఆదివారం మళ్లీ ఆ బస్సెక్కాను. రోడ్డు మారింది. అప్పట్లో హోర్డింగుల మీద కాలేజీల ర్యాంకర్ల ఫొటోలు ఉండేవి. ఇప్పుడు సగం 'ఫ్యూచర్ సిటీకి అతి దగ్గరలో' అనే ప్లాట్ల ప్రకటనలు, మిగతా సగం స్టడీ అబ్రాడ్ కన్సల్టెన్సీలవి. గౌను, టోపీ వేసుకుని నవ్వుతున్న అమ్మాయి మాత్రం అదే. ఆరేళ్లుగా ఆమెకు ఆ ఎమ్మెస్ పూర్తవుతూనే ఉంది.

నేను పోతున్నది కాలేజీకి కాదు. మా రూమ్మేట్ వాళ్ల నాయిన రమ్మన్నాడు. ఊరు ఇబ్రహీంపట్నం దాటాక యాచారం పోయే దారిలో. ఫోన్‌లో ఒకటే మాట: "బిడ్డా, జర మంచి ముచ్చట ఉన్నది. నువ్వు రావాలె." మంచి ముచ్చట ఏంటో నాకు అర్థమైంది. అందుకే బస్సులో కడుపులో ఏదోలా ఉంది.

వాడు అమెరికాలో, డాలస్ దగ్గర ఉంటాడు. 2025 జనవరి నుంచి వాడికి అక్కడ ఉండే హక్కు లేదు. ఆ సంగతి వాళ్లింట్లో తెలియదు. నాకు తెలుసు.

'అక్రమ వలసదారు' అన్న మాట టీవీలో వినగానే మన కళ్ల ముందుకు గోడ, అడవి, చీకట్లో సరిహద్దు దాటే మనుషులు వస్తారు. 2025 ఫిబ్రవరి 5న అమెరికా మిలిటరీ విమానం 104 మందిని అమృత్‌సర్‌లో దింపినప్పుడు చూపించింది అదే. హర్యానా, గుజరాత్, పంజాబ్ వాళ్లే అందులో ఎక్కువ. ఆ వార్త వచ్చిన రాత్రే మావోడు నాకు ఫోన్ చేశాడు. "మామా, నేను కూడా వాళ్ల లెక్కనే ఇప్పుడు" అన్నాడు. జోక్ అనుకున్నాను.

వాడు ఏ గోడా దూకలేదు. శంషాబాద్‌లో విమానమెక్కి, అక్కడ దిగి, ఆఫీసరుకు ఐ-20 కాగితం చూపించి వెళ్లినవాడు. 2021లో మేమిద్దరం కలిసే అప్లై చేశాం. అప్పుడు కాన్సులేట్ బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో ఉండేది. నానక్‌రామ్‌గూడకు మారింది 2023లో. నాకు రెండు నిమిషాల్లో తిరస్కరణ కాగితం ఇచ్చారు, వాడికి వీసా ఇచ్చారు. బయటికొచ్చి వాడు నన్ను ఓదార్చాడు. ఆ రోజు అదృష్టం ఎవరిదో అన్న లెక్క నాకు ఇంకా తేలలేదు.

ఎమ్మెస్ అయింది. ఓపీటీ వచ్చింది. అంటే చదువు తర్వాత ఒక ఏడాది పని చేసుకోవచ్చు, కానీ అందులో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఎనిమిది నెలలు ప్రాజెక్టు, తర్వాత బెంచ్. 90 దగ్గర పడుతుంటే అందరూ చేసేదే వాడూ చేశాడు. చేరిన రోజు నుంచే పని చేసుకోవచ్చని చెప్పే 'డే వన్ సీపీటీ' కాలేజీలో రెండో ఎమ్మెస్. చదువు కోసం కాదు, స్టేటస్ కోసం. సెమిస్టర్ సెమిస్టర్‌కు ఫీజు. ఆ ఫీజు కోసం ఒక పెట్రోల్ బంకు కౌంటర్లో నగదుకు పని. అది చేయకూడదని వాడికి తెలుసు. 2024 చివర్లో ఫీజు కట్టలేకపోయాడు. జనవరిలో ఒక రోజు నిద్ర లేచి చూస్తే మెయిల్: సెవిస్‌లో రికార్డు టర్మినేట్ అయింది. విదేశీ విద్యార్థుల వివరాలన్నీ ఉండే సర్కారు కంప్యూటర్ అది. పడుకున్నప్పుడు విద్యార్థి. లేచేసరికి కాదు. అదే మంచం, అదే గది.

తిరిగి స్టేటస్ తెచ్చుకోవడానికి మామూలుగా అయిదు నెలల్లోపు అప్లై చేయాలి. తప్పు మన చేతిలో లేదని చూపించాలి. అనుమతి లేని పని చేసి ఉండకూడదు. ఆ చివరి దగ్గరే వాడు ఆగిపోయాడు. ఇంటికి రావడానికి వాణ్ణి ఎవరూ ఆపరు, టికెట్ కొనుక్కుంటే చాలు. మళ్లీ పోవడమే దాదాపు కుదరదు. ఇక్కడేమో 30 లక్షల పైన అప్పు. వాడి ఎమ్మెస్ కోసం అరెకరం అమ్మారు, మిగతాది లోన్. ఆ అరెకరంలో ఇప్పుడు రాళ్లు పాతి, రంగు జెండాలు కట్టి ప్లాట్లు అమ్ముతున్నారు.

ఇవన్నీ మాకు తెలియక జరిగాయా? అలా అనలేను. 2019 జనవరి ఆఖర్లో, మేం 4-2లో ఉన్నప్పుడు, కాలేజీ క్యాంటీన్‌లో అందరి ఫోన్లలో ఒకటే వార్త. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. అది అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లే పెట్టిన దొంగ యూనివర్సిటీ. టీచర్లు లేరు, క్లాసులు లేవు. మొదటి దెబ్బకు అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో ఒక్కరు తప్ప అందరూ భారతీయులే. తెలుగువాళ్లు చాలామంది. విద్యార్థులను చేర్పించారని కేసు పెట్టిన ఎనిమిది మందిలోనూ మనవాళ్లున్నారు. అంతకుముందు 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ, కాళ్లకు రేడియో ట్యాగులు. సీనియర్లు ఆ కథ చెప్పేవాళ్లు. మేం సమోసా తింటూ విన్నాం. "ఇంత తెలివి లేకుండా ఎట్లా చేరిన్రు రా" అన్నది మావోడే. తర్వాతి వారం ఇద్దరం కలిసి దిల్‌సుఖ్‌నగర్‌లో జీఆర్ఈ కోచింగ్ వాకబు చేశాం.

ఇబ్రహీంపట్నం బస్టాండులో దిగేసరికి వాళ్ల నాయిన టీవీఎస్ ఎక్సెల్ మీద వచ్చి నిలబడ్డాడు. తెల్ల అంగీ, కొత్త చెప్పులు. హోటల్లో చాయ్ తాగుతూ చెప్పాడు. నల్లగొండ దిక్కు సంబంధం. పిల్ల బీటెక్, మాదాపూర్‌లో ఉద్యోగం. కట్నం మాట రాలేదు, అడిగింది ఒకటే.

"వీసా ఏం వీసా అని అడుగుతున్నరు బిడ్డా. నాకేం తెలుసు? హెచ్ వన్ అంటరు, ఓపీటీ అంటరు. వాణ్ణడిగితే అంతా మంచిగనే ఉన్నది నాయినా అంటడు. పిల్ల అన్న నాలుగింటికి ఈడికే వస్తుండు. దోస్తువు, సాఫ్ట్‌వేర్ల ఉన్నవ్. నీ మాట నమ్ముతరు. జర నువ్వే చెప్పు."

అప్పుడు టైము రెండుంపావు.

ఇంకా టైముంది కదా అని నన్ను బండెక్కించుకుని పెద్దచెరువు కట్ట మీదికి తీసుకుపోయాడు. కాలేజీ రోజుల్లో బంక్ కొట్టి వచ్చేవాళ్లం ఇక్కడికి. వర్షాలు బాగా పడ్డ ఏడు ఈ చెరువు చూడాలి, అవతలి ఒడ్డు కోసం కళ్లు చికిలించాలి. ఈ చెరువుకు, ఊరికి ఆ పేరు ఇబ్రహీం కులీ కుతుబ్‌షా వల్లే వచ్చిందంటారు. గోల్కొండ సుల్తాను. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న రాజు. ఆయన కథలో ఒక ముక్క నాకు భలే ఇష్టం. అన్న జంషీద్‌కు భయపడి గోల్కొండ వదిలి పారిపోయి, 1543 నుంచి ఏడేళ్లు విజయనగరంలో రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. 1550లో తిరిగొచ్చి గద్దె ఎక్కాడు. (1565లో అదే రామరాయల మీద యుద్ధానికి పోయిన వాళ్లలో ఈయనా ఉన్నాడు. అది వేరే కథ.) ఏడేళ్లు పరాయి రాజ్యంలో ఉన్నవాణ్ణి ఎవరూ కాగితాలు అడగలేదు. రాజుగారి తమ్ముడు కదా.

"వాడెప్పుడొస్తడు బిడ్డా? నాలుగేండ్లాయె" అన్నాడు పక్కనుంచి.

లీవు దొరకడం లేదట అనబోయాను. ఏడాదిగా పండక్కీ పబ్బానికీ చెబుతున్న అబద్ధమే. ఇంతకాలం అది వాడికీ వాళ్ల నాయినకూ మధ్య సంగతి, నాకెందుకులే అనుకున్నాను. కానీ నాలుగింటికి రాబోయే మనిషికి ఒక చెల్లెలుంది. ఆ అమ్మాయి మాదాపూర్‌లో ఉద్యోగం మానేసి, పెళ్లి చేసుకుని, డిపెండెంట్ వీసా కోసం ఎదురు చూస్తుంది. ఆ వీసా రాదు.

చేపల వల ఆరేసిన చోటికి నడిచి వాడికి ఫోన్ చేశాను. అక్కడ తెల్లారుజాము నాలుగు. మేలుకునే ఉంటాడు, బంకులో నైట్ డ్యూటీ.

"మామా, ఈ ఒక్కసారికి హెచ్ వన్ ఫైల్ అయిందని చెప్పరా. నేను మెల్లగా ఏదో చెప్పి సంబంధం క్యాన్సిల్ చేయిస్తా."

"నేను చెప్పను. నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

చాలాసేపు అవతల ఫ్రిజ్ మోటారు చప్పుడే వినిపించింది. ఎవరో కస్టమర్ వచ్చినట్టుంది, ఇంగ్లిషులో ఏదో అన్నాడు, గల్లా పెట్టె మూసిన చప్పుడు. తర్వాత: "నాయినకియ్యి ఫోన్."

ఇచ్చాను. ఆయన ఫోన్ చెవికి పెట్టుకుని కట్ట మీద అలా నడుస్తూ పోయాడు. నాకు వినపడనంత దూరం. ఒకసారి ఆగాడు. చెప్పు విడిచి, కాలితో రాయి పక్కకు జరిపి, మళ్లీ చెప్పు వేసుకున్నాడు. ఏడుస్తాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. పావుగంట తర్వాత వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టి అడిగాడు:

"అంటే ఖల్లివెల్లి అన్నట్టు. అంతేనా?"

నేను బిత్తరపోయాను. వాళ్ల తోడల్లుడిది సిరిసిల్ల దిక్కట. దుబాయ్‌లో కంపెనీ విడిచిపెట్టి, పాస్‌పోర్టు లేకుండా అయిదేళ్లు బయట పనులు చేసుకుని బతికాడట. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో ఈ మాట తెలియని ఇల్లు తక్కువ. అరబ్బీలో 'వదిలెయ్' లాంటి మాట. అక్కడ మనవాళ్ల నోట్లో కాగితాల్లేని కూలీకి పేరైంది. పేరుంది కాబట్టి దాని గురించి మాట్లాడుకుంటారు. మావోడు ఖల్లివెల్లి ఉన్నడు, జైలు భయం ఉన్నది, పైసలు తక్కువ పంపుతడు అని చాయ్ హోటల్లో చెప్పుకుంటారు. సిగ్గు లేక కాదు, దాచి లాభం లేక. మా కాలేజీ రోడ్డు మీద మాత్రం దీనికి పేరు లేదు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నూట ఇరవై మందిమి. స్టేటస్ పోయినవాడు మావోడొక్కడే అని నేననుకోను. కానీ ఆ గ్రూపులో కొత్త కార్లు, గృహప్రవేశాలు తప్ప ఇంకేమీ రావు.

"2018ల క్షమాభిక్ష పెట్టిండ్రు దుబాయోళ్లు. అప్పుడు ఔట్‌పాస్ తీస్కొని వచ్చిండు మా తోడల్లుడు. ఇప్పుడు గొర్లు కాస్తుండు, మంచిగనే ఉన్నడు" అన్నాడు ఆయన. నిజమే, ఆ ఏడాది ఆగస్టు నుంచి డిసెంబరు దాకా యూఏఈ ఆ అవకాశమిచ్చింది. 2024 సెప్టెంబరు నుంచి మళ్లీ నాలుగు నెలలు ఇచ్చింది. జరిమానా కట్టకుండా ఇంటికి పోవచ్చు, లేదా కాగితాలు సరిచేసుకోవచ్చు.

"అమెరికోళ్లు ఎప్పుడు పెడ్తరు క్షమాభిక్ష?"

"1986ల ఒకసారి పెట్టిన్రు అంకుల్. రీగన్ ఉన్నప్పుడు. 27 లక్షల మందికి కాగితాలిచ్చిన్రు."

"మల్ల?"

"మల్ల అంత పెద్దగ పెట్టలే."

వేళ్ల మీద లెక్కపెట్టాడు. "అప్పటికి నాకు పెండ్లే కాలే" అన్నాడు.

మూడున్నరకు పిల్ల అన్నకు ఫోన్ చేసి, బయల్దేరకుంటే ఆగమన్నాడు. వాడు అప్పటికే మాల్ దాటాడట. అయితే రానీ, ఇంత దూరం వచ్చినంక చాయ్ తాగకుండా ఎట్ల పోతడు, నేనే చెప్త అన్నాడు. బస్టాండు దగ్గర నన్ను దింపి, ఎక్సెల్ ముందు సంచిలోంచి ఒక స్టీలు డబ్బా తీసి ఇచ్చాడు. సకినాలు. అమెరికా పోయేటోళ్లెవరన్నా ఉంటే పంపమని పొద్దున్నే చేయించుకొచ్చాడు.

"పంపాల్నా అంకుల్?"

కొంచెం ఆలోచించాడు. "పంపు" అన్నాడు. "వచ్చేదాక తినాలె కదా."

హోటల్ ముందు కారు ఆగింది. ఆయన అంగీ సర్దుకుని అటు నడిచాడు. నేను 277 ఎక్కాను.