అమావాస్య నుంచి నవమి దాకా

దరియాలతిప్ప, యానాం
2023 ఆగస్టు 16, బుధవారం

నిన్న జెండా పండగ, ఇవాళ కూడా జెండా పండగే. "తాతా, మనకి స్వతంత్రం రెండుసార్లొచ్చిందా?" అన్నాడు మనవడు. ఇంకా ఎక్కువేరా అన్నాను. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారు జనాన్ని వెంటబెట్టుకుని యానాంలో మన జెండా ఎగరేయించారు. ఫరంపేటలో పుట్టి, ఫ్రెంచి వాళ్ళ పోలీసు కొలువు చేసి, చివరికి వాళ్ళనే సాగనంపిన మనిషి! ఆ నవంబరు 1న పాలన చేతులు మారింది. 1956లో ఒప్పందం రాసుకున్నారు. ఫ్రాన్సు పార్లమెంటు ఒప్పుకుని అంతా చట్టబద్ధమయ్యేసరికి 1962 ఆగస్టు 16. అంచేత ఈ సెలవు దేశమంతటికీ ఉండదు, మాకుంటుంది. వాడికి చరిత్ర కన్నా సెలవే నచ్చింది. నాకు రెండూ నచ్చాయి.

ఇవాళ అమావాస్య. అధిక శ్రావణం వెళ్ళిపోయింది. గోదావరిలో పోటు జోరుగా ఉంది.

ఆగస్టు 20, ఆదివారం

రష్యావాళ్ళ లూనా-25 చంద్రుడి మీద కూలిపోయిందట. టీ కొట్టు దగ్గర ఒక కుర్రాడు నవ్వితే గట్టిగానే చెప్పాను: 2019 సెప్టెంబరులో మన విక్రమ్ ల్యాండర్ అక్కడే పడిపోయిన రాత్రి మనకెలా ఉందిరా?

మన చంద్రయాన్-3 క్షేమంగా దిగాలని బావ యానాం గుళ్ళో మీసాల వెంకన్న స్వామికి కొబ్బరికాయ మొక్కుకున్నాడు. ఇస్రో పెద్దాయన సోమనాథ్ గారే ప్రయోగానికి ముందు సూళ్ళూరుపేట చెంగాళమ్మకి దణ్ణం పెట్టి వచ్చారు, మా బావ మొక్కితే తప్పేముంది?

ఆగస్టు 23, బుధవారం

దిగింది! సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకి!

రేవు దగ్గర వల బాగుచేసుకునేవాళ్ళంతా పని ఆపి ఒక ఫోను చుట్టూ మూగారు. తెర మీద గీత కిందికి జారుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఈలలూ కేకలూ. దక్షిణ ధ్రువం దగ్గర్లో దిగిన మొదటి దేశం మనది. నాకు కళ్ళు తడిశాయి.

చీకటి పడ్డాక సగం చంద్రుడు పైనే కనిపించాడు. ఈ రోజే ఎందుకు దింపారని అడిగాడు బావ. అక్కడ ఇప్పుడే తెల్లవారింది, మన లెక్కన పద్నాలుగు రోజులు ఎండ ఉంటుంది, యంత్రం బతికేది ఆ ఎండతోనే అని చెప్పాను.

"అంటే పోటు చూసుకుని మొగ దాటినట్టే కదా!" అన్నాడు. అంతకన్నా బాగా ఏ టీవీలోనూ చెప్పలేదు.

ఆగస్టు 25, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. పంతులుగారు ఫోనులో చూసుకుని సంకల్పంలో శ్రావణ శుద్ధ నవమి అన్నారు. చంద్రుడు సూర్యుణ్ణి దాటి పన్నెండు డిగ్రీలు జరిగితే ఒక తిథి. అంత లెక్క కట్టిన పాతవాళ్ళంటే నాకెంతో గౌరవం. కానీ రాకెట్టు కూడా పంచాంగంలోనే ఉందంటే ఒప్పుకోను. ఓడిపోయి, తప్పెక్కడో వెతుక్కుని, నాలుగేళ్ళు మళ్ళీ కష్టపడ్డవాళ్ళ శ్రమ అది. దాన్ని ఇంకెవరి ఖాతాలోనూ వెయ్యకూడదు.

వాయనానికొచ్చిన ఆడవాళ్ళు ఒళ్ళో శనగలు పెట్టుకునే ప్రజ్ఞాన్ రోవర్ ల్యాండర్ నుంచి కిందికి దిగే వీడియో చూశారు. ఎంత దూరం నడిచిందని అడిగితే ఎనిమిది మీటర్లన్నాను. మనవడు వెంటనే టేపు తెచ్చి వాకిట్లో కొలుస్తానన్నాడు. ఒక కొస నేను పట్టుకున్నాను.