పాత కారు బ్రేకులలో గాలి తీయుట

మోటారు నడపనేర్చిన సోదరీమణులు నేడు మన యిండ్లలో పెక్కండ్రు కలరు. కారు కదలకున్న వెంటనే మేస్త్రీని పిలిపింతుము. కదలిన కారు ఆగునా యను ప్రశ్న మాత్రము మనకంతగా తోచదు. మా యత్తగారు సింహాచలము కొండమీదికి మామగారి కారులోనే వెళ్లవలెనని పట్టుపట్టినపుడు మాకా ప్రశ్న తప్పనిసరియైనది.

ఆ కారు 1968వ సంవత్సరపు అంబాసిడరు. ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డును మాతృకగా గొని, కలకత్తా చెంత ఉత్తరపాడ కర్మాగారమున 1958 మొదలు 2014 వరకు ఈ జాతి బండ్లను చేసిరి. మామగారు గతించిన పిమ్మట నది విశాఖపట్టణపు ఉప్పుగాలిలో నాలుగేండ్లు కదలక నిలిచియుండెను. దానిని అమ్మివేయుదమని మా తోడికోడండ్రలో నొకరు, ఉంచుదమని యొకరు. ఆ మాట వచ్చినపుడెల్ల ఇద్దరమును ముఖములు చెరియొక వైపునకు త్రిప్పుకొనుచుంటిమి.

పెడలు మొదటిమారు నొక్కిన నేలవరకు దిగును. గబగబ మూడుమార్లు నొక్కిన పైకి వచ్చును. ఒక మరమ్మతు షెడ్డువారు డబ్బాలో బ్రేకు ఆయిలు నింపి, "సరిపోయిందమ్మా" యని పంపివైచిరి. అంత ఆయిలు ఎట్లు తరిగెనని వారు విచారింపలేదు. మగవారు సెలవులకు వచ్చువరకు ఆగుడని ఉత్తరము వ్రాసిరి. "వాళ్లొచ్చేదాకా నా మోకాళ్లు ఆగుతాయటర్రా?" అని అత్తగారనిరి. కావున మేమే పూనుకొంటిమి.

పెడలు నొక్కగా మాస్టరు సిలిండరులోని ఆయిలు సన్నని గొట్టములగుండ చక్రములకు పోయి, అచ్చటి చిన్న సిలిండర్లలోని పిస్టనులను త్రోయును. అవి బ్రేకు షూలను డ్రమ్మునకు అదుమును. ద్రవము నొత్తిన నది కుదించుకొనదు, ఒత్తిడిని అన్ని వైపులకు సమముగా నందించును. గాలి యట్లు గాదు, దూదిపరుపువలె నణగును. మన పాదబలమంతయు దాని నణచుటకే చెల్లును. పైగా ఆ కాలపు బండిలో నాలుగు చక్రములకును ఆయిలు మార్గ మొక్కటే. ఒక్కచోట కారిపోయిన నాలుగు బ్రేకులును పోవును. చేతిబ్రేకొక్కటే మిగులును, దాని బలమా అంతంత మాత్రము.

ఇంకొక గుణమున్నది. ఈ ఆయిలు వానకాలపు ఉప్పువలె గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 3 అను రకము క్రొత్తదైనపుడు కనీసము 205 డిగ్రీల సెంటిగ్రేడువరకు మరుగరాదని నియమము. నూటికి నాలుగు పాళ్లలోపు నీరు చేరిననే ఆ మేర 140కి దిగిపోవును. కొండ దిగునపుడు ఎడతెగక బ్రేకు పట్టిన డ్రమ్ములు కాగి, ఆ నీరు ఆవిరియగును. ఆవిరియు గాలివంటిదే. సరిగా మలుపువద్ద పెడలు జారిపోవును.

చక్రములకు అడ్డులుపెట్టి, జాకీతో నెత్తి, ఇనుప స్టాండ్లమీద బండిని నిలిపితిమి. ఇటుకలను నమ్మరాదు, అవి చిట్లును. పాత షూల పొడిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును గనుక ఊదక తడిగుడ్డతో తుడిచితిమి. వెనుక ఎడమ చక్రమున దొంగ దొరకెను: సిలిండరులోని రబ్బరు కప్పు గట్టిపడి చిట్లగా ఆయిలు షూలనంతయు తడిపివైచినది. అట్టి షూలు ఎంత కడిగినను పనికిరావు. నాలుగు చక్రముల సిలిండర్లును షూలును, మాస్టరు సిలిండరు రబ్బర్లును, త్రుప్పుపట్టిన గొట్టములును మార్చితిమి. రబ్బరు భాగములను కిరసనాయిలుతోగాని పెట్రోలుతోగాని కడుగరాదు, ఉబ్బిపోవును. బ్రేకు ఆయిలు కారు రంగుమీద పడిన వెంటనే నీళ్లు పోయవలెను. లేకున్న రంగు లేచిపోవును.

ఇక గాలి తీయుట. దీనికి ఇద్దరు కావలెను. ఒకరు పెడలువద్ద, ఒకరు మాస్టరు సిలిండరునకు మిక్కిలి దూరమైన చక్రమువద్ద. మా బండిలో నది వెనుక ఎడమది. నిపులుకు సన్నని గొట్టము తొడిగి, దాని కొనను గాజుసీసాలోని ఆయిలులో ముంచవలెను. "నొక్కవే." "నొక్కానక్కా." నిపులు పావుచుట్టు వదలగా బుడగలు బొటబొట వచ్చును. నిపులు మరల బిగించి "వదులు" అనువరకు పాదమెత్తరాదు. ఎత్తిన బయటి గాలిని బండి లోనికి పీల్చుకొనును. చక్రమువద్ద నున్నవారికి పెడలు కనబడదు, పెడలువద్ద నున్నవారికి సీసా కనబడదు. మాటయే ఆధారము. సంవత్సరకాలముగా మేమన్ని మాటలు వరుసగా ఆడుకొనియుండలేదు. డబ్బాలో ఆయిలు తరుగకుండ అత్తగారు పీటమీద కూర్చుండి కనిపెట్టుచు పోయించిరి. బుడగలు ఆగువరకు నొక్కొక్క చక్రమునకే పదియేసిమార్లు పట్టినది.

పిమ్మట పెడలును గట్టిగా నొక్కి, గడియారము చూచుచు రెండు నిమిషములు పట్టియుంచితిమి. అది మెల్లగా దిగిన ఎచ్చటనో కారుచున్నదన్నమాట. దిగలేదు. మొదట పెరటిలో, తరువాత సమతలమైన వీథిలో నడపి చూచినగాని కొండమాట తలపెట్టలేదు.

సింహాచలము నుండి రెండవ గేరులో దిగితిమి. అత్తగారు వెనుక కునుకుచుండిరి. క్రిందికి వచ్చి డ్రమ్ములకు దగ్గరగా చేయిపట్టి చూడగా ముందు కుడిది తక్కిన మూటికంటె వేడిగానుండెను. క్రొత్త షూ ఇంకను రాచుకొనుచున్నది. మరునాడు దానిని కొంచెము వదులు చేసి, ఆయిలు మార్చిన తేదీని వంటింటి క్యాలెండరుపై వ్రాసి, రెండేండ్ల తరువాతి నెలను దాని ప్రక్కన వేసితిమి.