ఎర్ర సిరా, వలిస పువ్వు



తెలుగు పాఠం చెప్పవలసిన గంటలో పిల్లలచేత పూలబొమ్మలు వేయించడమేమిటని మీకు సందేహం కలుగవచ్చును. కారణం చిన్నదే. ఒకనాడు మా కుందుర బడిలో ఋతువుల పాఠం చెబుతూ, ఋతువులెన్ని అని అడిగాను. ఆరింటి పేర్లూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు. శిశిరంలో మన ఊళ్ళో ఏ చెట్టు పూస్తుందని అడిగాను. ఒక్కరూ నోరు మెదపలేదు. చెట్టు తెలియక కాదు, దాని తెలుగు పేరు తెలియక. సెలవునాడు పశువుల వెంట అడవి తిరిగే పిల్లలు వాళ్ళు. దేశియాలో అయితే నాకు తెలియని పూల పేర్లు కూడా చెప్పగలరు.

ఈ సీమ చరిత్ర ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు జయపురం సంస్థానం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్టణం జిల్లాలో ఉండేది. ఆ తరువాత కోరాపుట్ జిల్లా అయింది. 1992లో రాయగడ వేరు జిల్లా అయింది. ఇక్కడి తెలుగు కుటుంబాలలో నేడు ఇంటి మాట తెలుగు, బడి మాట ఒడియా, సంత మాట దేశియా. పూల పేర్లు సంత మాటలోనే నిలిచాయి.

అందుచేత జయపురం నుండి నీటిరంగుల బిళ్ళల పెట్టెలు నాలుగు, కుంచెలు, మందపాటి డ్రాయింగు కాగితాలు తెప్పించాను. నియమం ఒకటే. పువ్వును చూచి వేయాలి, క్రింద తెలుగు పేరు రాయాలి. పేరు తెలియకపోతే ఇంట్లో పెద్దవారిని అడగాలి.

మొదట మోదుగ. పిల్లలందరూ దానికి పచ్చని ఆకులు వేశారు! చెట్టు క్రిందికి తీసుకొనిపోయి తలలెత్తి చూడమన్నాను. మోదుగ పూసేవేళకు కొమ్మలపై ఆకు ఉండదు. నల్లని మొగ్గ తొడిమల నుండి నిప్పుకణికల వంటి రేకులు మాత్రమే బయటికి వస్తాయి. ఏళ్ళ తరబడి ఆ చెట్టు క్రింద నడచిన నేనూ అంతకుముందు ఆ తొడిమల నలుపును గమనించలేదని ఒప్పుకోవాలి.

చైత్రంలో ఇప్పపూలు మమ్మల్ని ఓడించాయి. నీటిరంగులలో తెలుపును పూయరు, కాగితాన్నే వదిలివేస్తారు. మీగడ రంగు పువ్వును తెల్ల కాగితం మీద ఎట్లా చూపడం? ఒక పిల్లవాడు పువ్వును వదిలిపెట్టి, అది రాలిన నేలను వేశాడు. ఎండుటాకుల గోధుమవర్ణం మధ్య ఖాళీగా మిగిలిన గుండ్రని మచ్చలే పూలయ్యాయి. నేను చెప్పి చేయించినది కాదది. గ్రీష్మంలో రేలపూలు. ఎండకు రంగు కుంచె మీదనే ఆరిపోయేది. వానాకాలంలో కాగితం ఆరనే ఆరదు. మధ్యాహ్న భోజనం వండే పొయ్యి దగ్గర ఆరబెడితే ఒక అడవినాభి బొమ్మ అంచు కాలిపోయింది. అగ్నిశిఖ అని దానికి మరొక పేరుండనే ఉన్నదని వంటమనిషికి నచ్చజెప్పాను. (దాని దుంప విషం. ఆ మాట పిల్లలకు బొమ్మకంటే ముందే చెప్పాను.)

ఇక వలిస. కార్తీకంలో మా మెట్టలన్నీ పసుపు ఆరబోసినట్లుంటాయి. ఏడవ తరగతి చదివే ఒక బాలిక ఒక్క పువ్వునే తీసుకొని, ఎనిమిది రేకులూ లెక్కపెట్టి, ప్రతి రేకు కొసనున్న సన్నని చీలికలతో సహా వేసింది. అంత చక్కని బొమ్మ ఆ ఏడాది మరొకటి రాలేదు. క్రింద 'అలసి' అని తెలుగు లిపిలో రాసింది. ఇక్కడివారు వలిసను ఆ పేరుతోనే పిలుస్తారు. నేను ఎర్ర సిరా కలంతో ఆ మాట కొట్టివేసి 'వలిస' అని దిద్దాను. కాగితం ఇంకా తడిగానే ఉన్నది. సిరా పాకి పసుపు రేకులలోకి ఎక్కింది. ఆ పిల్ల ఏడవలేదు. కాగితం నా బల్లమీదనే వదలి వెళ్ళింది. మరుసటి వారం రంగులు ముట్టలేదు. అడిగితే, "మా అమ్మమ్మ అట్లానే చెప్పిందండీ" అన్నది. పెద్దవారిని అడగమన్నది నేనే కదా!

ఆ రాత్రి నాకు సామర్లకోట గుర్తుకు వచ్చింది. రెండు శతాబ్దాల క్రితం ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ అక్కడ ఉండి, దేశీయ చిత్రకారులచేత మన చెట్లకు రంగుల బొమ్మలు వేయించాడు. వాటిలో 300 బొమ్మలు కోరమండల్ తీరపు మొక్కల గ్రంథంగా 1795 నుండి 1820 వరకు లండనులో వెలువడ్డాయి. లాటిను పేర్లతోపాటు ఇక్కడి జనం నోట వినబడిన 'తెలింగ' పేర్లను కూడా ఆయన నమోదు చేశాడు. పరదేశి మన పల్లె మాటకు ఇచ్చిన పాటి చోటు, నేను నా విద్యార్థిని అమ్మమ్మ మాటకు ఇవ్వలేకపోయాను. మరొక సంగతి. ఈ వలిస పుట్టినిల్లు ఇథియోపియా. దాని శాస్త్రీయ నామంలోని 'అబిసినికా' అన్న మాటకు అర్థం అదే. ఎక్కడినుండో వచ్చిన మొక్క మీద నా ఎర్ర సిరా పెత్తనమేమిటి?

మర్నాడు తరగతిలో అందరి ఎదుటా ఆ పిల్లతో, తప్పు నాదని చెప్పాను. ఆమె తల వంచుకొన్నది. పొరుగు పిల్లవాడు మాత్రం ఉత్సాహంగా, "అయితే పరీక్షలో ఏది రాయాలండీ?" అని అడిగాడు. వలిస అని రాయాలన్నాను. మరేమి చెప్పగలను? తెలుగు పేరు తెలియజేయడం నా వృత్తి, దానిని వదలుకోలేను. కానీ బొమ్మల మీద దిద్దడం మానివేశాను. ఇప్పుడు కాగితం వెనుక పెన్సిలుతో రెండు పేర్లు రాస్తున్నాము. ఇంట్లో విన్నది పైన, తెలుగు పేరు క్రింద, ఎవరు చెప్పారన్నది ప్రక్కన. కొన్నింటిలో పై గడి మాత్రమే నిండింది.

ఆ బాలిక తిరిగి కుంచె పట్టడానికి మాఘం దాకా పట్టింది. మోదుగ వేసింది, ఆకులు లేకుండా. తరువాత జయపురంలో ఒడియా ఉన్నత పాఠశాలలో చేరింది. సిరా పాకిన వలిస బొమ్మను ఆమె అడగలేదు, నేనూ ఇవ్వలేదు. అది నా హాజరుపట్టీలో ఉన్నది. పసుపు కొంత వెలిసింది కానీ ఎరుపు వెలియలేదు.